కాంగ్ క్లాసిక్: కొత్తగా ఇంటికొచ్చిన దేశీ కుక్కకి ఈ ఎర్ర రబ్బరు బొమ్మ ఎంతవరకు పనికొస్తుంది?

షెల్టర్ నుంచో వీధి నుంచో దత్తత తెచ్చుకున్న ఏడాది వయసు దేశీ కుక్క ముందు గిన్నె పెడితే రెండు నిమిషాల్లో నాకేసి మీ మొహం చూస్తుంది. వీధిలో ఉన్నప్పుడు అదే పూట తిండికి దానికి సగం రోజు పట్టేది. ఏ చెత్తకుండీ దగ్గర ఎప్పుడు ఏం పడుతుందో, ఏ టీ కొట్టాయన బిస్కెట్ విసురుతాడో, ఏ గేటు ముందు నిలబడితే కర్ర లేస్తుందో, అన్నీ లెక్కలో ఉండేవి. ఇంట్లోకి వచ్చాక ఆ పని పోయింది, బుర్ర మాత్రం అలాగే ఉంది. చెప్పులు, సోఫా మూలలు, డోర్‌మ్యాట్లు బలైపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

దీనికి ఎక్కువమంది చేసే వైద్యం నడక పెంచడం. అరగంట చాలలేదని గంట, గంట చాలలేదని పరుగు. నెల తిరిగేసరికి కుక్కకి దమ్ము పెరుగుతుంది, మనిషికి మోకాళ్లు అరుగుతాయి, చెప్పుల గతి మాత్రం మారదు. నడక అక్కర్లేదని కాదు. కానీ తిండిని గిన్నెలోంచి తీసి, వెతుక్కుని సంపాదించుకునేలా పెడితే వచ్చే నెమ్మది ఒక్క నడకతో రాదు. ఆ పనికి అమ్మే సామాన్లలో చాలాకాలంగా నిలబడ్డది కాంగ్ క్లాసిక్, లోపల తిండి నింపి ఇచ్చే రబ్బరు బొమ్మ. తీర్పు ముందే చెప్పేస్తాం: కొనొచ్చు. నింపడం చేతకాకపోతే మాత్రం అది ఖరీదైన రబ్బరు ముద్ద, అంతకుమించి ఏమీ కాదు.

ఈ బొమ్మ పుట్టిందే ఓ కొరుకుడు కుక్క వల్ల. అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకునేది. ఫోక్స్‌వాగన్ వ్యాను బాగుచేస్తూ ఆయన పక్కన పడేసిన సస్పెన్షన్ రబ్బరు ముక్కని అది పట్టుకుని వదల్లేదు. ఆ ముక్క ఆకారమే ఈ బొమ్మకి మూలం. కంపెనీ 1976లో మొదలైంది. చిన్నా పెద్దా బంతులు మూడింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించినట్టు ఉంటుంది. నేల మీద పడితే ఎటు గెంతుతుందో చెప్పలేం. కుక్కకి సరదా అక్కడే.

చేతిలోకి తీసుకుని చూస్తే లోపలంతా బోలు. వెడల్పు వైపు పెద్ద రంధ్రం, కొస వైపు సన్న రంధ్రం. ఆ సన్న రంధ్రం అందానికి పెట్టింది కాదు. ఒకే రంధ్రం ఉన్న బోలు బొమ్మలో కుక్క నాలుక దూర్చి నాకుతూ ఉంటే లోపల గాలి ఖాళీ అయి నాలుక ఇరుక్కుంటుంది, వాచిపోతుంది, బయటికి రాదు. కుక్కల నాలుకలు ఇలా దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. అందుకే ఇలాంటి ఆకారంలో చవగ్గా దొరికే ఏ బొమ్మ కొన్నా ముందు రెండో రంధ్రం ఉందా, అది నిజంగా లోపలిదాకా తెరిచి ఉందా అని వెలుతురుకి ఎత్తి పెట్టి చూడండి.

సైజు దగ్గర చేసే పొరపాటు చిన్నది కొనడం. స్మాల్ 9 కిలోల లోపు కుక్కలకి, మీడియం సుమారు 7 నుంచి 16 కిలోల వాటికి, లార్జ్ 13 నుంచి 30 కిలోల వాటికి. ఎదిగిన దేశీ కుక్కలు చాలావరకు 15 నుంచి 20 కిలోల మధ్య తూగుతాయి కాబట్టి వాటికి లార్జ్. రెండు సైజుల మధ్య ఉంటే పెద్దదే తీసుకోండి. చిన్న బొమ్మ వెనక పళ్ల దాకా పోతే గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది.

రంగులు కూడా చూసి కొనాలి. ఎర్రది మామూలు కుక్కలకి. నల్లది ఎక్స్‌ట్రీమ్, దాని రబ్బరు ఇంకా గట్టిది, దవడ బలం ఎక్కువున్న వాటికి. లేత గులాబీ, లేత నీలం రంగుల్లో వచ్చేది పప్పీ రకం. పాలపళ్లు ఊడి కొత్తవి గట్టిపడేదాకా అదే వాడాలి. ఎనిమిది నెలల కుక్క "బాగా కొరుకుతోంది కదా" అని నల్లది కొనేవాళ్లున్నారు. ఆ రబ్బరు మరీ గట్టిగా తగిలి, కుక్క రెండుసార్లు నోట పెట్టి వదిలేస్తుంది, "మా కుక్కకి నచ్చలేదు" అని బొమ్మ అటక ఎక్కుతుంది.

కుక్క ఇంటికి వచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు బొమ్మని బయటికి తీయకండి. కొత్త ఇల్లు, కొత్త వాసనలు, లిఫ్ట్ చప్పుడు, కుక్కర్ విజిల్, ఇవన్నీ అరాయించుకోవడమే దానికి ఆ రోజుల్లో పెద్ద పని. గిన్నెలో సరిగ్గా తినడం, రాత్రి ఒకచోట పడి నిద్రపోవడం మొదలయ్యాక బొమ్మ ఇవ్వండి.

మొదటి మెట్టు చాలా తేలిగ్గా ఉండాలి, చూసేవాళ్లకి నవ్వొచ్చేంత తేలిగ్గా. రోజూ పెట్టే డ్రై ఫుడ్‌లోంచి ఓ గుప్పెడు గింజలు పెద్ద రంధ్రంలో పోసి, అలాగే పక్కకి పడేయండి. మూత ఏమీ పెట్టకండి. కుక్క ముందు ముక్కు పెడుతుంది, కాలితో తడుతుంది, బొమ్మ దొర్లి నాలుగు గింజలు రాలుతాయి. అప్పుడు ఒక్క క్షణం ఆగి బొమ్మ వైపు, గింజల వైపు చూస్తుంది. ఆ చూపు కోసమే ఇదంతా. తన కాలికీ రాలిన గింజకీ సంబంధం దానికి అప్పుడే తెలుస్తుంది. కొన్ని కుక్కలు కాలు వాడవు, బొమ్మని నోట కరిచి పైకెత్తి వదిలేస్తాయి. తెలివైన పనే, కానీ అపార్ట్‌మెంట్‌లో పింగాణీ టైల్స్ మీద ఆ దబదబలకి కింది ఫ్లాట్ వాళ్లు మెట్లెక్కి వస్తారు. కింద ఒక పాత దుప్పటో యోగా మ్యాటో పరచండి.

గింజలు ఐదు నిమిషాల్లో ఖాళీ చేయడం వచ్చాక రెండో మెట్టు. గింజల్లో ఒక చెంచా చిక్కటి పెరుగు కలిపి నింపండి. రాలవు, నాకాలి. మూడో మెట్టులో ముద్ద: మెత్తగా ఉడికిన అన్నం రెండు పెద్ద చెంచాలు, పెరుగు రెండు, ఉడికించి చిదిమిన చికెన్ లేదా గుడ్డు ఒకటి, ఉడికించిన గుమ్మడికాయ కాస్త. ఉప్పు, పోపు, కారం ఏవీ వద్దు. చికెన్‌లో ఎముక ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. నింపేటప్పుడు అన్నిటికంటే రుచైన ముక్కని ముందుగా లోపలికి, కొస దాకా తోసేయండి. ముద్ద సగమయ్యాక విసుగొచ్చే కుక్కని ఆ వాసనే చివరిదాకా లాక్కెళ్తుంది. దీన్ని తిరగేసి చేసేవాళ్లే ఎక్కువ. పైన చికెన్, లోపల ఉత్త అన్నం ఉంటే కుక్క పైది తిని వెళ్లిపోతుంది, లోపలి అన్నం పులుస్తుంది.

నాలుగో మెట్టు గడ్డకట్టించడం. బొమ్మని కొస కిందికి ఉండేలా స్టీలు గ్లాసులో నిలబెట్టండి. సన్న రంధ్రంలోంచి ఒక స్ట్రాని నిలువునా పైదాకా దూర్చి, చుట్టూ ముద్ద నింపి, నాలుగైదు గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి. ఇచ్చే ముందు స్ట్రా లాగేస్తే గాలి దారి మిగులుతుంది. మామూలుగా పది నిమిషాల్లో ముగిసేది ఇప్పుడు అరగంట దాకా సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎండ ముదిరితే రోడ్డు మీద అరచేయి తిరగేసి ఐదు సెకన్లు ఆనించలేం. ఆ వేడిలో కుక్క పాదాలు కాలతాయి కాబట్టి మధ్యాహ్నం నడక మానాల్సిందే, ఆ లోటు తీర్చేది ఈ గడ్డకట్టిన బొమ్మే.

ఈ మెట్లు ఎక్కడంలో తొందరే అన్నిటికంటే పెద్ద తప్పు. వీడియోల్లో చూసి మొదటి రోజే గడ్డకట్టించింది ఇస్తారు. కుక్క రెండు నాకుళ్లు నాకి, ఏమీ రాక, పక్కకి వెళ్లి మళ్లీ చెప్పు తీసుకుంటుంది. కొత్త చోటికి వచ్చిన కుక్కకి ఓపిక ముందు నుంచే తక్కువ ఉంటుంది. కష్టపడితే తిండి వస్తుందన్న నమ్మకం ఇంకా కుదరలేదు. ఒక మెట్టు మీద మూడు నాలుగు సార్లు పూర్తిగా ఖాళీ చేశాకే పై మెట్టు. వదిలేస్తే మళ్లీ కింది మెట్టుకి దిగండి, అందులో నామోషీ ఏమీ లేదు.

పెట్టకూడనివి గుర్తుంచుకోండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ ఏ రూపంలోనూ వద్దు. మిగిలిన సాంబారన్నం, పులిహోర లాంటివి కలిపేద్దామని అనిపిస్తుంది, ఆ ఆలోచన మానుకోండి. పీనట్ బటర్ వాడితే డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కొద్దిపాటికే కుక్క రక్తంలో చక్కెర దారుణంగా పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. 'షుగర్ ఫ్రీ' అని రాసున్న ఏ డబ్బా మీదైనా అనుమానం పడటమే మంచిది. వేయించిన వేరుశనగలు ఉప్పు లేకుండా మిక్సీలో మెత్తగా పట్టుకుంటే ఆ బెడదే ఉండదు, చవక కూడా. పెరుగు పడక విరేచనాలైతే దాని బదులు చికెన్ ఉడికించిన నీళ్లు వాడండి. లోపల పెట్టిందంతా పూట తిండిలోంచి తగ్గించాలి. గిన్నె నిండుగా పెట్టి, ఆ పైన బొమ్మ నిండుగా ఇస్తే ఆరు నెలల్లో నడుము కనిపించదు.

బొమ్మ ఎక్కడ ఇస్తున్నారన్నది ఏం నింపారన్న దానికి తీసిపోదు. కాంగ్‌తో పాటు నేర్పాల్సిన పాఠం ఒకటే అయితే అది చాప మీద పడుకోవడం. ఒక మడత చాప వేయండి. కుక్క దాని వైపు అడుగు వేసినా సరే, వెంటనే క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) నొక్కి, తిండి ముక్క చాప మీదే వేయండి, చేత్తో అందించకండి. క్లిక్కర్ లేకపోతే రోజూ మాటల్లో వాడని చిన్న పదం ఏదైనా పర్లేదు. క్లిక్‌కీ ముక్కకీ మధ్య ఒక సెకను దాటకూడదు, దాటితే దేనికి ఇచ్చారో దానికి అర్థం కాదు. పది పన్నెండు సార్లు చేసి ఆపేయండి, మూడు నాలుగు నిమిషాల పని. రెండు మూడు రోజుల్లో చాప వేయగానే తనే వచ్చి నిలబడుతుంది. అప్పట్నుంచి నిలబడితే ఇవ్వకండి, కూర్చుంటే ఇవ్వండి, తర్వాత పడుకుంటేనే. ఆపైన మూడు సెకన్లు, ఐదు, పది, అలా ఆగించి ఇవ్వండి. ముప్పై సెకన్లు కదలకుండా పడుకోవడం వచ్చిన రోజు నుంచి కాంగ్‌ని చాప మీదే ఇవ్వండి, ఆ వారం వేరే చోట ఇవ్వకండి. వారం తిరిగేసరికి చాప అంటేనే ఒళ్లు సడలించే చోటు అవుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు, కొరియర్ కుర్రాడు బెల్ కొట్టినప్పుడు మీకు అక్కరకొచ్చేది బొమ్మ కంటే ఆ చాపే.

కుక్క దగ్గర్నుంచి బొమ్మ లాక్కోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. వీధిలో పెరిగిన కుక్కకి తిండి కాపాడుకోవడం అలవాటు. దగ్గరికి వెళ్తే ఒళ్లు బిగుసుకోవడం, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూడటం, వేగంగా మింగడం, ఇవి గుర్రుమనడానికి ముందొచ్చే గుర్తులు. అప్పుడు రెండు మూడడుగుల దూరం నుంచే మంచి ముక్క ఒకటి దాని వైపు విసిరి వెనక్కి వెళ్లిపోండి. రోజూ నాలుగైదు సార్లు ఇలా చేస్తే మీ అడుగుల చప్పుడు నష్టం కాదు, లాభం అని దానికి ఎక్కుతుంది. గుర్రుమన్నందుకు కొట్టకండి. గుర్రు ఆగిపోతుంది, భయం ఆగదు, ఆపైన హెచ్చరిక లేకుండా కరవడం మొదలవుతుంది. ఇంట్లో రెండో కుక్క ఉంటే రెండింటికీ వేర్వేరు గదుల్లో, తలుపు మూసి ఇవ్వండి. చిన్నపిల్లలున్న ఇంట్లోనూ అంతే.

ఇక లోపాలు. కడగడం చిరాకు. కొస దగ్గర ఇరుకులో అన్నం మెతుకు ఎండి పట్టుకుంటుంది, చెంచా పోదు, వేలు అందదు. పసిపిల్లల పాలసీసా బ్రష్ ఒకటి దీనికే కేటాయించండి. ఖాళీ అవ్వగానే గోరువెచ్చటి నీళ్లలో పడేసి పది నిమిషాల తర్వాత తోమితే తేలిక, సాయంత్రం దాకా వదిలేస్తే కష్టం. డిష్‌వాషర్ ఉంటే పై అరలో పెట్టొచ్చు. బోర్లించి ఆరబెట్టకపోతే లోపల తేమ నిలిచి వాసన పడుతుంది. మన ఇళ్లలో ఇంకో బాధ చీమలు. పెరుగన్నం చుక్కలు నేల మీద పడ్డ పది నిమిషాల్లో బారు కడతాయి, ఆ చీమలు మూతికి పట్టిన కుక్క మళ్లీ బొమ్మ జోలికి పోనంటుంది. అయిపోయిన బొమ్మని వెంటనే తీసి, చోటు తుడవండి. తివాచీ మీద ఇవ్వకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఎర్ర రబ్బరు గట్టిదే, చిరగనిది కాదు. వారానికోసారి పెద్ద రంధ్రం అంచుని నొక్కి వంచి చూడండి. గాట్లు పడి ముక్కలు ఊడే స్థితికి వస్తే పారేయాలి, మింగిన రబ్బరు పేగుల్లో అడ్డం పడుతుంది. కుక్క నాకడం మాని వెనక పళ్లతో అంచుని పటపట కొరుకుతోందంటే తిండి అయిపోయిందని అర్థం. అప్పుడు తీసేసుకోవడమే. రోజంతా నేల మీద వదిలేసిన కాంగ్ త్వరగా చస్తుంది, దాని మీద మోజూ పోతుంది.

ధర విషయానికొస్తే లార్జ్ వెయ్యి రూపాయల పైమాటే, దుకాణాన్ని బట్టి మారుతుంది. అంత పెట్టలేకపోతే గుంతపొంగనాల పెనంలో పెరుగు పూసి ఇవ్వండి. పోత ఇనుముది బరువుగా ఉంటుంది కాబట్టి జరగదు, గుంటగుంటకీ నాకాలి. కోడిగుడ్ల అట్టలో గింజలు చల్లి, పైన ఇంకో అట్ట బోర్లించండి. అట్ట చించి తింటోందంటే ఆపేయండి. పాత తువ్వాలు పరిచి గింజలు చల్లి చుట్టగా చుట్టండి, విప్పుకోవడం దాని పని. బజార్లో దొరికే స్నఫుల్ మ్యాట్ చేసేదీ ఇదే, గుడ్డ పీలికల మధ్య వెతకడం. గుడ్డ మింగే కుక్కకి మాత్రం రెండూ వద్దు. స్వీడన్ డిజైనర్ నీనా ఒట్టోసన్ పేరుతో వచ్చే ప్లాస్టిక్ పజిల్స్ ఒకటి నుంచి నాలుగు స్థాయుల్లో ఉంటాయి. మూతలు జరపడం, గూళ్లు తెరవడం బాగుంటుంది. తెలివైన దేశీ కుక్క వారంలో పట్టేస్తుంది, కొన్ని అయితే పట్టేయడం దాకా కూడా పోవు, మొత్తం తిరగేసి దులిపేస్తాయి. కాంగ్ కంటే అవి తొందరగా పాడవుతాయి, పక్కన మనిషి ఉండి తీరాలి.

వెతికే ఆటల విలువ గురించి ఒక్క మాట. 2019లో షార్లెట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ ప్రచురించిన అధ్యయనంలో కొన్ని కుక్కలకి రెండు వారాలు వాసన పట్టి వెతికే ఆట, ఇంకొన్నిటికి యజమాని పక్కనే నడిచే శిక్షణ ఇచ్చారు. తిండి ఉందో లేదో తెలియని గిన్నె దగ్గరికి వెతుకుడు కుక్కలు మునుపటికంటే చురుగ్గా వెళ్లాయి, రెండో జట్టులో ఆ మార్పు లేదు. ఉంటుందన్న ఆశతో కదలడం అన్నమాట. అందుకే చాప అలవాటు కుదిరాక కాంగ్‌ని కూడా అప్పుడప్పుడు నేరుగా ఇవ్వకండి. తలుపు వెనకో కుర్చీ కిందో దాచి, "వెతుకు" అని వదలండి. దేశీ కుక్క ముక్కుకి సరైన పని అది.

కాంగ్ తీర్చలేనిది ఒకటుంది, అమ్మేవాళ్లు దాన్ని అంతగా చెప్పరు. మీరు తలుపు వేసుకుని వెళ్లగానే ఏడ్చి, గుమ్మం గీకి, చొంగ కార్చే కుక్క ఒంటరితనానికి భయపడుతోంది. భయపడ్డ కుక్క తినదు. మీరు తిరిగొచ్చేసరికి గడ్డకట్టిన ముద్ద కరిగి కారిపోయి, ఒక్క నాకుడు కూడా పడకుండా ఉండి, మీరు చెప్పులు విప్పగానే వెళ్లి తినడం మొదలుపెడితే అదే గుర్తు. అలాంటి కుక్కకి బొమ్మ మార్చడం వల్ల లాభం లేదు, పశువైద్యుణ్ణి కలవాలి. భయం లేని కుక్కకి కూడా వెళ్లేటప్పుడు మాత్రమే కాంగ్ ఇచ్చే అలవాటు వద్దు. ఫ్రీజర్ తలుపు చప్పుడు వింటేనే "వీళ్లు పోతున్నారు" అని కనిపెట్టేస్తుంది. వారంలో నాలుగైదు సార్లు మీరు ఇంట్లో ఉండగానే, టీవీ చూస్తూనో వంట చేస్తూనో ఉన్నప్పుడు ఇవ్వండి.

కొంటే రెండు కొనడమే మేలు. ఒకటి ఖాళీ అయి సింకులో నానుతుంటే రెండోది ఫ్రీజర్‌లో ఉంటుంది. రెండోది కొనే ముందు మాత్రం మొదటిదాన్ని రెండు వారాలు వాడి, అంచు మీద పళ్ల గాట్లు ఎంత లోతుగా పడ్డాయో చూసి, ఎర్రదా నల్లదా తేల్చుకోండి.